బేగిమై కాళ్ళ తాడు

మనిషన్నాక ఎదగాలి అంటారు. నేనూ ఒప్పుకుంటాను. ఎటు ఎదగాలో మాత్రం ఒక్కడూ చెప్పడు. ఇప్పటిదాకా నేను అడ్డంగానే ఎదిగాను. అది కూడా తన వంట చలవేననీ, అందులో నా ప్రయత్నం ఏమీ లేదనీ మా ఆవిడ సూసార్ అంటుంది.

తాతనయ్యాక నాకు ఈ ఎదిగే పిచ్చి ఎందుకు పట్టిందో చెబుతాను. అప్పుడే నవ్వకండి, నవ్వాల్సింది ఇంకా ముందుంది.

ఒక పొద్దున మా కోడలు నుర్జాత్ టీ పోస్తూ, "మామయ్యా, బేగిమై గోడ పట్టుకుని నిలబడుతోంది. ఇంక తాడు కోసే పండగ పెట్టేసుకుందామా?" అంది.

బేగిమై నా ఒక్కగానొక్క మనవరాలు. మా కొచ్కోర్ కొండల వైపు పిల్లకి నడకొచ్చే వేళ రెండు కాళ్ళూ కలిపి నలుపూ తెలుపూ పేనిన ఊలు తాడు కట్టి, తెల్ల కంబళి మీద నిలబెడతాం. దూరం నుంచి జనం పరుగెత్తుకొస్తారు. ముందు చేరినవాళ్ళు తాడు కోస్తారు. కోసినవాళ్ళ గుణాలే పిల్లకి వస్తాయి. దొర కోస్తే దొర, దొంగ కోస్తే దొంగ. అందుకే తాడు కట్టగానే అమ్మలందరూ ఎవరు ముందొస్తారా అని గుండెలు చిక్కబట్టుకుని చూస్తుంటారు.

నా జన్మలో నేను ఒక్క తాడూ కోయలేదు. నా అసలు పేరు ఎసెన్‌బెక్. కానీ ఊళ్ళో 'వస్తున్నా ఎసెన్' అంటేనే తెలుస్తుంది. ఎవరు పిలిచినా "వస్తున్నా" అంటాను. అన్నాక కూడా కాసేపు కూర్చునే ఉంటాను. అలాంటివాడు పరుగుపందెంలో ఎన్నో స్థానంలో ఉంటాడో మీరే ఊహించుకోండి.

"మా నాన్న కూడా పరుగెత్తుతానన్నారు మామయ్యా," అంది కోడలు.

తాగుతున్న టీ నాకు కొరబోయింది.

కోడలి తండ్రి, అంటే నా వియ్యంకుడు కల్‌ముర్జా, సగం జీవితం ట్రాక్టరు మీద గడిపాడు. ట్రాక్టరు అమ్మేసి చాలా కాలమైనా ఇప్పటికీ దాని మోత మీద వినపడాలన్నట్టే మాట్లాడతాడు. వానల గురించి మొదలుపెట్టినా, వంకాయల గురించి మొదలుపెట్టినా చివరికి తన గొప్ప దగ్గరికే వచ్చి ఆగుతాడు. అలాంటివాడు తాడు కోస్తే నా బంగారుతల్లి ఏమవుతుంది? పాలపళ్ళు రాకముందే ఉపన్యాసాలిస్తుంది.

అయినా నా బాధ అది ఒక్కటే కాదు. పిల్లకి ముక్కు కోడలిది వచ్చింది, రంగు నా కొడుకుది వచ్చింది, గొంతు కల్‌ముర్జాది వచ్చింది. నాదంటూ ఆ పిల్లలో ఏమీ కనపడలేదు. ఒక్కటంటే ఒక్క గుణమైనా నాది దాని కాళ్ళల్లో నడవాలని ఉండింది. పైకి చెప్పుకోలేదు కానీ అదే నా ఆశ.

"తాడు నేను కోస్తాను," అన్నాను.

సూసార్ రొట్టె తుంపుతున్నదల్లా ఆగింది. "ఏ ఊళ్ళో?"

"ఇక్కడే. బేగిమై తాడు."

"సంతోషం. నువ్వు చేరేలోపు పిల్లకి పెళ్ళీడు రాకుండా చూసుకుందాం."

నవ్విన నాపచేనే పండుతుంది అనుకుని అప్పటికి ఊరుకున్నాను.

అప్పుడు పట్టుకున్నాను మార్పు మాస్టార్ని. నగరంలో ఎక్కడో ఉంటాడట. ఫోనులో రోజూ ఒక పాఠం చెబుతాడు. సూటూ, చిరునవ్వూ, వెనక ఒక పూలకుండీ. "ఈ రోజు నుంచి మీరు కొత్త మనిషి!" అని మొదలుపెట్టాడు. నాకు ఒళ్ళు ఝల్లుమంది.

"సూసార్, నేను కొత్త మనిషిని కాబోతున్నా."

"పాతాయన సగంలో వదిలేసిన పనులు చాలా ఉన్నాయి. అవి పూర్తిచేసి పొమ్మను," అంది ఆవిడ పశువులపాక తలుపు వైపు చూపిస్తూ. ఆ తలుపు ఒక బందు మీద వేలాడుతోంది. ఎప్పటినుంచి అని అడక్కండి.

మొదటి పాఠం: 'కాదు అని చెప్పడం నేర్చుకోండి. కాదు అనలేనివాడు జీవితంలో ఎదగలేడు.'

"ముసలాయనా, కాస్త బొగ్గు తెచ్చిపెట్టు," అంది సూసార్.

"కాదు," అన్నాను గుండె దిటవు చేసుకుని.

ఆవిడ ఒక్క క్షణం నన్ను చూసి, "సరే," అని వెళ్ళిపోయింది. ఇంత తేలికా అని మురిసిపోయాను. మధ్యాహ్నం బల్ల దగ్గర కూర్చుని, "భోజనం?" అన్నాను.

"కాదు."

"కాదు ఏమిటి?"

"నేనూ ఎదుగుతున్నా."

మర్నాటి పాఠం వేరు. 'ఎదుటివారు చెప్పేది పూర్తిగా వినండి. మధ్యలో అడ్డు తగలకండి.' ఇది నయం అనుకున్నాను. సరిగ్గా అప్పుడే కల్‌ముర్జా ఫోను చేశాడు. విన్నాను. టీ చల్లారింది, విన్నాను. కోళ్ళు గూట్లోకి వెళ్ళాయి, ఇంకా వింటూనే ఉన్నాను. చివర్లో ఆయన గొంతు తడిగా, "బావా, ఇన్నేళ్ళలో నా మాట ఇంత శ్రద్ధగా విన్నది నువ్వొక్కడివే," అన్నాడు. ఆనాటినుంచి రోజూ చేస్తున్నాడు. పండగ పందెం కోసం కొండ దారిలో పరుగు ప్రాక్టీసు చేస్తున్నానని కూడా ఒకరోజు ఆయనే చెప్పాడు. చెబుతున్నప్పుడు కూడా పరుగెడుతూనే ఉన్నాడు, రొప్పు వినిపించింది.

ఇంకో పాఠం: 'కళ్ళు మూసుకుని మీ గెలుపుని చూడండి.' పాలు పితుకుతూ మూసుకున్నాను. తెల్ల కంబళి, పిల్ల, నా చేతిలో కత్తెర, పక్కన బొక్కబోర్లా పడ్డ కల్‌ముర్జా, అంతా కళ్ళకి కట్టినట్టు కనపడింది. ఎక్కడో ఢాం అని చప్పుడు కూడా వినపడింది.

"ఏం చూస్తున్నావ్?" అంది సూసార్ గుమ్మంలోంచి.

"గెలుపు."

"కాస్త పాలు కూడా చూసుండాల్సింది," అంది. ఆవు కాలు బకెట్లో ఉంది, పాలు నా బూట్లలో ఉన్నాయి.

ఆ తర్వాత నా బుర్ర అసలు పనిచెయ్యడం మానేసింది. 'మిమ్మల్ని ఎవరితోనూ పోల్చుకోకండి' అంటాడు మాస్టారు. తెల్లారితే, 'మీకంటే ముందున్నవాణ్ణి చూసి నేర్చుకోండి' అంటాడు. 'మారండి' అంటాడు. 'మీరు మీలాగే ఉండండి' అంటాడు. నేను నాలాగే ఉంటే మరి మారేదెవడు? సూసార్ని అడిగాను.

"ఆయనకి పెళ్ళయిందా?" అంది.

"ఏమో, తెలీదు."

"కాలేదు. అయితే ఇన్ని మాటలు మిగలవు."

పాఠాల మాట ఎలా ఉన్నా కాళ్ళకి పని చెప్పాలి కదా. ఆవు తప్పిపోయిందని చెప్పి వాగు దాకా పరుగెత్తడం మొదలుపెట్టాను. రెండో రోజు రొప్పుతూ ఇంటికొచ్చేసరికి సూసార్ గడప మీద కూర్చుని ఉన్ని వడుకుతోంది. పక్కనే ఆవు నెమరేస్తోంది.

"దొరికిందా ఆవు?" అంది.

ఆవు నావంక చూసింది. నేను ఆవు వంక చూశాను. ఇద్దరిలో నేనే ముందు తలదించుకున్నాను.

"అంతా సరే ముసలాయనా," అంది ఆవిడ, ఈసారి వెక్కిరింపు లేకుండా. "గెలిచావే అనుకుందాం. పిల్లకి ఏ గుణం ఇస్తావ్?"

నోరు తెరిచాను. నా గుణాలు లోపలే లెక్కపెట్టుకున్నాను. కోపం లేకపోవడమా? అది బద్ధకం వల్ల. ఓర్పా? అదీ బద్ధకం వల్లే. నిజాయితీ? అబద్ధం ఆడితే గుర్తుపెట్టుకోవాలి కనుక, ఆవు సంగతి తప్పిస్తే, ఆడను. ఎటు తవ్వినా అదే తగులుతోంది. పరుగులో గెలవడం గురించి తప్ప, గెలిచాక ఇవ్వడానికి నా దగ్గర ఏముందో నేనెప్పుడూ ఆలోచించలేదు. ఆ పూట నాకు ముద్ద దిగలేదు. అంటే, మామూలుగా దిగినంత దిగలేదు.

కానీ గుణం సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు తాడు కోయాలి. ఒక రోజు టీ తాగుతుంటే మెరుపులాగా ఒక ఆలోచన వచ్చింది. నేను తొందరగా పరుగెత్తలేకపోతేనేం? మిగతావాళ్ళు మెల్లిగా పరుగెత్తితే సరిపోదూ?

మొదటి అడ్డు కుర్రాళ్ళు. మా తమ్ముళ్ళ పిల్లలు, పొరుగింటి పిల్లలు, ఒక్కొక్కడూ కుందేలే. నుర్జాత్‌ని పిలిచాను.

"అమ్మాయ్, ఈసారి కుర్రవెధవలెవరూ పరుగెత్తడానికి వీల్లేదు. వాళ్ళకే ఇంకా గుణాలు రాలేదు, పిల్లకేం ఇస్తారు? బేగిమైని 'నా సొంత మనవరాలు' అనదగ్గవాళ్ళే పరుగెత్తాలి."

నుర్జాత్ అత్తగారి వైపు చూసింది. సూసార్ వెంటనే, "మంచి మాట చెప్పావు," అంది. పెళ్ళయ్యాక ఆవిడ నా మాటకి అంత వెంటనే ఒప్పుకోవడం అదే మొదటిసారి. నాకు కాస్త కంగారేసింది కూడా.

"మాట మీద నిలబడతావా?" అంది.

"నిలబడతా."

"ఊరందరి ముందూ చెబుతావా?"

"చెబుతా! భయమా ఏమిటి?"

రెండో అడ్డు కల్‌ముర్జా. "ఎప్పుడూ పరుగయ్యాకే భోజనాలు పెడతాం. ఈసారి ముందు భోజనం పెడదాం," అన్నాను. "దూరం నుంచి వచ్చే చుట్టాలు, కడుపు మాడ్చి పరుగు పెట్టిస్తామా?"

"అయ్యో, ఎంత మనసు!" అంది సూసార్. "అయితే లావు తోక గొర్రెని చూడు."

సరిగ్గా నా మనసులో ఉన్న గొర్రె అదే.

మీకు తెలుసుగా, వియ్యాలవారు వస్తే తోక కొవ్వూ కాలేయం సన్నగా కోసి కలిపి, చేత్తో నోట్లో పెడతాం. కాదనడానికి లేదు. కాదంటే సంబంధానికే అవమానం. ఆ కొవ్వు నాలుగు ముద్దలు కడుపులో పడ్డవాడు పరుగు మాట దేవుడెరుగు, బెల్టు కూడా పెట్టుకోలేడు. ఇంత తెలివి నాలో ఎక్కడ దాక్కుందా అని నాకే ఆశ్చర్యం వేసింది. ఎదుగుదల అంటే ఇదే కాబోలు అనుకున్నాను.

పండగ రోజు ఎండ బాగుంది. ఇంటి వెనక పచ్చికలో చివరన తెల్ల కంబళి పరిచారు. ఇవతల గడ్డివాము దగ్గర బయలుదేరే గీత గీశారు. జనం దిగబడ్డారు. నేను టోపీ సర్దుకుని లేచి, "తాతలూ అమ్మమ్మలూ నాయనమ్మలూ, బేగిమైని సొంత మనవరాలనదగ్గవాళ్ళే పరుగు!" అని ప్రకటించాను. పెద్దలంతా బాగుంది బాగుంది అని గడ్డాలు నిమిరారు. కుర్రాళ్ళు మొహాలు వేలాడేసుకున్నారు.

భోజనాలు మొదలయ్యాయి. సూసార్ పొయ్యి దగ్గరినుంచి పళ్ళెం మీద పళ్ళెం తెస్తోంది. నేను కల్‌ముర్జా పక్కన చేరి, గుప్పెడు కొవ్వూ కాలేయం తీసి, "బావగారూ, నోరు తెరవండి!" అన్నాను.

తెరిచాడు. గొంతుకి తగ్గ నోరు కదా, ముద్ద మొత్తం మాయమైంది. నా ఛాతీ పొంగింది.

"ఇప్పుడు నువ్వు తెరువు బావా," అన్నాడు ఆయన.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఒకరు పెట్టాక రెండోవాళ్ళు తిరిగి పెట్టాలి. ఆయన నాకంటే పెద్దవాడు, కనుక నేను కాదనడానికి అసలే లేదు. పైగా స్టీరింగు తిప్పి తిప్పి ఆయన అరచెయ్యి పార అంత ఉంటుంది. నేను పెట్టిన గుప్పెడుకి ఆయన పెట్టింది రెండు గుప్పెళ్ళు.

సరే, ఇంకొకటి పెడితే ఆగుతాడేమో అని పెట్టాను. ఆయన తిరిగి పెట్టాడు. ఆపితే ఓడినట్టవుతుందని నేను మళ్ళీ పెట్టాను. ఆయనా పెట్టాడు. 'కాదు అనడం నేర్చుకోండి' అన్న పాఠం గుర్తొచ్చింది కానీ నోటి నిండా కొవ్వు ఉంటే ఏ పాఠం బయటికొస్తుంది? చుట్టూ ఉన్న పెద్దలు, "ఆహా, వియ్యంకులంటే వీళ్ళూ!" అని కళ్ళు తుడుచుకుంటున్నారు. మా ఇద్దరి కళ్ళల్లోనూ నీళ్ళే. వాళ్ళు అది ప్రేమ అనుకున్నారు.

"ఇంకొంచెం తెమ్మంటారా?" అంది సూసార్ ఖాళీ పళ్ళెం తీసుకుంటూ, ఎంతో వినయంగా. జవాబు చెప్పే స్థితిలో ఎవరూ లేరు. తెచ్చేసింది. దాని మీద పులిసిన గుర్రప్పాలు పోసింది.

పరుగుకి పిలిచారు. నేను లేవబోయాను. ఒళ్ళు లేవలేదు. "వస్తున్నా," అన్నాను. ఇద్దరు మేనల్లుళ్ళు చెరో చెయ్యి పట్టుకుని లేపారు. కల్‌ముర్జాని లేపడానికి నలుగురు కావాల్సి వచ్చింది. అది చూసి కాస్త ధైర్యం వచ్చింది. వియ్యపురాలు లేచి, రెండడుగులు వేసి, మోకాళ్ళు పట్టుకుని మళ్ళీ కూర్చుంది. గీత దగ్గర మేమిద్దరమే మిగిలాం.

"బావా, నిజం చెప్పు, పరుగెత్తగలవా?" అన్నాడు కల్‌ముర్జా. అంత మెల్లిగా ఆయన మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు.

"కొత్త మనిషిని," అన్నాను, తేనుపు ఆపుకుంటూ.

అప్పుడు సూసార్ పొయ్యి దగ్గరినుంచి వచ్చింది. చేతులు కొంగుకి తుడుచుకుంది. తలగుడ్డ బిగించి కట్టుకుంది. రబ్బరు చెప్పులు విప్పి పక్కన పెట్టి, గీత మీద నా పక్కన నిలబడింది.

"నువ్వెందుకిక్కడ?" అన్నాను.

"బేగిమై నాకు మనవరాలు కాదా?"

"కాదని ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. నువ్వే అవునన్నావు. ఊరందరి ముందూ."

అంతలో బయలుదేరమని అరిచారు.

నేను పరుగెత్తాను. అబద్ధం కాదు, అడగండి ఎవరినైనా. నేను ఒక అడుగు వేస్తే లోపల గొర్రె రెండడుగులు వేసేది. కల్‌ముర్జా కాస్త దూరం వచ్చి, కంచె కర్ర పట్టుకుని, ఎక్కిళ్ళు మొదలై అక్కడే ఆగిపోయాడు. నాకు అడ్డు తొలగింది అనుకునేంతలో నేల ఉడత తవ్విన బొక్కలో కాలు పడింది. అడుగు తప్పింది. పచ్చికలో కూలబడ్డాను.

చటుక్కున చుట్టూ చూశాను. ఊరంతా చూస్తోంది. పడ్డానని ఒప్పుకుంటే పరువు పోతుంది కదా. అందుకని కావాలనే కూర్చున్నవాడిలా కాళ్ళు చాపుకుని, గడ్డిపరక ఒకటి పీకి, ఈ ఏడు గడ్డి ఎలా ఉందో అన్నట్టు అటూ ఇటూ తిప్పి చూశాను.

ఆ గడ్డిపరక పక్కనుంచి సూసార్ వెళ్ళింది. పరుగు కూడా కాదు, నడక. ఆవుని తోలుకొచ్చేటప్పుడు ఎలా నడుస్తుందో అలాగే, తొందరపడకుండా. కంబళి దగ్గరికి చేరి, కోడలు అందించిన కత్తెర తీసుకుని, వంగి టక్కున తాడు కోసింది.

అప్పుడు తట్టింది నాకు. పొద్దున్నించి ఆవిడ నోట్లో ఒక్క మెతుకు పడలేదు. ఊరందరికీ వడ్డించింది. మా ఇద్దరి నోళ్ళూ కొవ్వుతో నిండుతుంటే పళ్ళేలు మార్చింది. నువ్వు తిన్నావా అని నేను అడగనైనా లేదు. ఇన్ని పాఠాలు విన్నాను, ఈ ఒక్క సంగతీ తోచలేదు. నిజంగా సిగ్గేసింది.

లేచి, దులుపుకుని, కంబళి దగ్గరికి చేరాను.

"మొదటినుంచీ ఇదేనా నీ ఎత్తు?" అన్నాను మెల్లిగా.

"ఎత్తా? నాకెక్కడిది తీరిక? రూలు నీది, గొర్రె నీది, ముందు భోజనం అన్నదీ నువ్వే. నేను వడ్డించాను, అంతే."

"నేను కోస్తే ఏం పోయేది?"

"పిల్ల జీవితాంతం 'వస్తున్నా' అంటూ కూర్చునేది. ఆడపిల్ల, ఒక్కత్తే మనవరాలు. చూస్తూ ఎలా ఊరుకోను?"

ఆ మాట సూటిగా తగిలింది. కోపం తెచ్చుకుందామంటే ఆవిడ చెప్పిందాంట్లో తప్పు కనపడలేదు.

ఇంతలో జనం చప్పట్లు కొట్టారు. నుర్జాత్ పిల్ల చేతులు వదిలింది. బేగిమై నిలబడింది. ఊగింది. ఒక అడుగు వేసింది. ఇంకోటి వేసింది. నాయనమ్మ చేతులు చాచి, "రా తల్లీ, నా నడక నడువు, నాలాగా చకచకా రా!" అంటోంది. పిల్ల మూడో అడుగు ఎత్తి, చతికిలబడింది.

అయ్యో అన్నారు అందరూ. ఇక ఏడుస్తుందనుకున్నారు.

ఏడవలేదు. చటుక్కున చుట్టూ ఒకసారి చూసింది. అందరూ తననే చూస్తున్నారని గమనించింది. కాళ్ళు చాపుకుంది. కంబళి అంచున ఉన్న గడ్డిపరక ఒకటి పీకింది. దాన్ని కళ్ళ ముందు పెట్టుకుని, కూర్చున్నదే ఇందుకోసం అన్నట్టు, అటు తిప్పి ఇటు తిప్పి చూడడం మొదలుపెట్టింది.

తర్వాత ఒక్కొక్క తలా నావైపు తిరిగింది.

"బావా!" అన్నాడు కల్‌ముర్జా కంచె దగ్గరినుంచి, ఎక్కిళ్ళ మధ్యనే. "తాడు ఆవిడ కోసింది... మరి ఇదేమిటి?"

సూసార్ చాచిన చేతులు అలాగే ఉన్నాయి. పిల్లని చూసింది, నన్ను చూసింది, మళ్ళీ పిల్లని చూసింది. కత్తెర కింద పడేసి, పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి కళ్ళల్లో నీళ్ళొచ్చాయి.

"నేను పరుగెత్తింది ఇది రాకూడదనే," అంది ఎలాగో మాట కూడదీసుకుని. "ఎప్పుడో అంటుకుందన్నమాట! తాడు కట్టకముందే!"

జనం ఒకటే నవ్వులు. ఇది తల ఎత్తుకోవాల్సిన సంగతో, దించుకోవాల్సిన సంగతో నాకు అర్థం కాలేదు. ఇప్పటికీ సరిగ్గా అర్థం కాలేదు.

ఏం చెయ్యాలో తోచక వెళ్ళి పిల్ల పక్కన చతికిలబడ్డాను. బేగిమై నన్ను పరీక్షగా చూసి, తన గడ్డిపరక నా చేతిలో పెట్టి, ఇంకోటి పీక్కుంది.

"ఇద్దరూ ఇంక లేవండి," అంది సూసార్ కళ్ళు తుడుచుకుని. "నేను తినడానికి కూర్చుంటున్నా. నువ్వు పెద్ద గంగాళం తోము."

"వస్తున్నా," అన్నాను.